సాల్వర్ కంటే ముందు మోడల్ రాయడం నేర్పే ఆప్టిమైజేషన్ కోర్సు, నా రివ్యూ

ఆపరేషన్స్ రీసెర్చ్‌లో, అంటే ఉన్న వనరులతో ఏ నిర్ణయం అన్నిటికంటే మంచిదో లెక్కతో తేల్చే సబ్జెక్టులో, ఆప్టిమైజేషన్ టెక్నిక్స్ మీద ఉన్న ఈ ఆన్‌లైన్ కోర్సుని మొదటి వీడియో నుంచి చివరి ప్రాజెక్టు దాకా, అసైన్‌మెంట్లతో సహా పూర్తి చేసి రాస్తున్నా. రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు. ఈ సబ్జెక్టులో అసలు కష్టం లెక్క చెయ్యడం కాదు (అది సాల్వర్ అనే సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది), సమస్యని లెక్కగా రాయడం, అంటే మోడల్ రాయడం, ఆ సంగతి పట్టుకుని కోర్సు మొత్తం దాని చుట్టూనే కట్టారు, అందుకే నాలుగు. ఆ ఒక్క స్టారూ ఎందుకు తగ్గించానో మధ్యలో వివరంగా చెప్తా, ఎందుకంటే డబ్బులు కట్టి టైం పెట్టేవాళ్ళకి ఆ కారణాలు కూడా తెలియాలి కదా.

చాలా చోట్ల ఆప్టిమైజేషన్ అనగానే సింప్లెక్స్ అనే పద్ధతికి వాడే అంకెల పట్టిక (టాబ్లో) బోర్డు మీద వేసేసి, పివట్ ఎలిమెంట్ ఇది, ఈ వరుసని భాగించు, ఆ వరుసలోంచి తీసెయ్, అని మొదలుపెడతారు. పరీక్షకి అది సరిపోద్దేమో గానీ బయట ఎవరైనా వచ్చి మా గోడౌన్లు ఇవీ, మా లారీలు ఇవీ, ఏం చెయ్యాలి అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. ఈ కోర్సులో మొదటి మాడ్యూల్ మొత్తం టాబ్లో అన్న మాటే రాదు. ఒక్కో సమస్య మాటల్లో ఇస్తారు, మీరు మూడు విషయాలు తేల్చాలి: నా చేతిలో ఉన్న నిర్ణయాలేంటి, దేన్ని పెంచాలి లేదా తగ్గించాలి, ఏ హద్దులు దాటకూడదు. అంతే, లెక్క చెయ్యమని ఎవరూ అడగరు. చూడ్డానికి సులువుగా ఉంటది కానీ ఇక్కడే ఎక్కువ టైం పట్టింది, పట్టాలి కూడా.

ఒక ఉదాహరణ చెప్తా, కోర్సులో నాకు బాగా నచ్చిన అసైన్‌మెంట్ ఇదే. ఒక చోట వారంలో ఏ రోజుకి ఎంతమంది పనివాళ్ళు కావాలో లిస్టు ఇచ్చారు, ప్రతి మనిషీ వరసగా ఐదు రోజులు పనిచేసి రెండు రోజులు సెలవు తీసుకుంటాడు, మొత్తం మీద అతి తక్కువ మందితో ఎలా నడపాలి? ఎవరికైనా మొదట తట్టేది సోమవారం ఎంతమంది, మంగళవారం ఎంతమంది అని ఏడు వేరియబుల్స్ పెట్టుకోవడం. అలా పెట్టుకుంటే వరసగా ఐదు రోజులు అన్న రూలు రాయడానికే దారి దొరకదు, ఎందుకంటే సోమవారం ఉన్న పదిమందిలో ఎవరు మంగళవారం కూడా వస్తారో ఆ అంకెల్లో ఎక్కడా లేదు. వేరియబుల్‌ని మార్చి, సోమవారం పని మొదలుపెట్టేవాళ్ళు ఎంతమంది, మంగళవారం మొదలుపెట్టేవాళ్ళు ఎంతమంది అని పెట్టుకున్నారనుకోండి, సోమవారం పనిలో ఉండేవాళ్ళు అంటే గురు, శుక్ర, శని, ఆది, సోమ ఈ ఐదు రోజుల్లో మొదలుపెట్టినవాళ్ళ మొత్తం. ఆ మొత్తం సోమవారం అవసరం కంటే తక్కువ కాకూడదు, ఇదే మాట మిగతా రోజులకి కూడా, మొత్తం ఏడు లైన్లలో మోడల్ అయిపోయింది. ఐదు రోజుల రూలు విడిగా రాయనక్కర్లేదు, వేరియబుల్‌లోనే కలిసిపోయింది. నిర్ణయాన్ని ఏ రూపంలో పట్టుకుంటున్నాం అన్నదాని మీదే అంతా ఉంది అని పాఠం చెప్పే మేడం ఈ వీడియోలో రెండు మూడు సార్లు చెప్తారు, ఆ తర్వాత వచ్చే ప్రతి మాడ్యూల్‌లోనూ అది నిజమే అనిపించింది.

ఇక్కడే మొదటి కంప్లైంట్ కూడా. ఇదే అసైన్‌మెంట్‌కి ఆటోమేటిక్ గ్రేడర్ పెట్టారు, అది మీ జవాబులో ఒక్కో వేరియబుల్ విలువని వాళ్ళ జవాబుతో పోల్చి చూస్తుంది. కానీ ఇలాంటి షిఫ్ట్ సమస్యల్లో ఒకే మొత్తం వచ్చే జవాబులు చాలా ఉండొచ్చు, నాది మొత్తం మందిలో వాళ్ళతో సమానమే, హద్దులన్నీ దాటకుండానే ఉంది, అయినా తప్పు అని చూపించింది. ఒకటి కంటే ఎక్కువ ఆప్టిమల్ సొల్యూషన్లు (అన్నిటికంటే మంచి జవాబులు) ఉంటాయని తర్వాతి వారం వాళ్ళే పాఠం చెప్తారు, మరి గ్రేడర్‌కి ఆ పాఠం ఎక్కాలి కదా! ఆబ్జెక్టివ్ (పెంచాల్సిన లేదా తగ్గించాల్సిన మొత్తం) విలువ సరిపోయిందా, కన్‌స్ట్రెయింట్లు (హద్దులు) అన్నీ పాటించామా అని రెండే చెక్ చేస్తే చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు సరైన మోడల్ రాసి కూడా అది తప్పేమో అనుకుని మార్చేసే ప్రమాదం ఉంది, అందుకే దీన్ని చిన్న విషయంగా తీసుకోలేను.

రెండో మాడ్యూల్లో చరిత్ర కొంచెం చెప్తారు, అది పేర్లూ తేదీల లిస్టులా కాకుండా పద్ధతులు ఎందుకు పుట్టాయో తెలిసేలా ఉంటది. 1939లో సోవియట్ యూనియన్‌లో గణితవేత్త కాంటరోవిచ్ ప్లైవుడ్ ఫ్యాక్టరీ వాళ్ళ మెషిన్ల మీద పని ఎలా పంచాలి అన్న ప్రశ్నలోంచి ఈ రకం లెక్కల్లోకి వచ్చాడు, 1947లో అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ ప్లానింగ్ కోసం పనిచేస్తూ డాంట్‌జిగ్ సింప్లెక్స్ కనిపెట్టాడు. వీటికంటే నాకు బాగా గుర్తుండిపోయింది స్టిగ్లర్ అనే ఎకనామిస్ట్ వేసిన ఆహారం లెక్క. 1945లో ఆయన 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలు తీసుకుని ఆ పోషకాలన్నీ అందేలా ఒక మనిషికి ఏడాదికి అతి తక్కువ ఖర్చు ఎంత అని, ఒక క్రమం లేకుండా తెలివిగా అంచనాలు వేసుకుంటూ 39.93 డాలర్ల దగ్గరికి చేరాడు. 1947లో అదే లెక్కని సింప్లెక్స్‌తో చేస్తే తొమ్మిది మంది గుమాస్తాలు చేత్తో తిప్పే కాలిక్యులేటర్ల మీద కూర్చుంటే 120 మనిషి-రోజులు పట్టింది, వచ్చింది 39.69 డాలర్లు. పావు డాలర్ కూడా తేడా లేదు! అయినా రెండింటికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది, మొదటిది మంచి అంచనా, రెండోది ఇంతకంటే తగ్గదు అని రుజువుతో సహా చెప్పే జవాబు. కోర్సు అంతా ఈ రెండో రకం జవాబు మీదే పట్టుదలగా ఉంటుంది.

చేత్తో సింప్లెక్స్ ఎంత చెయ్యాలి అన్నది అందరికీ ఉండే ప్రశ్న. వీళ్ళు రెండు వేరియబుల్స్‌తో బొమ్మ గీయించి, హద్దుల గీతలు కలిసే మూలలు (సింప్లెక్స్ జవాబు వెతికేది వీటి వెంటే) ఎలా వస్తాయో చూపించి, తర్వాత అదే సమస్య టాబ్లోలో చేయించి, ఒక్కో పివట్‌కీ (టాబ్లోలో ఒక అడుగు) బొమ్మలో ఏ మూల నుంచి ఏ మూలకి వెళ్ళామో పక్కన చూపిస్తారు. ఇది చాలా బాగుంది, టాబ్లోలో అంకెలు కదలడం వెనకాల బొమ్మ కనపడితే ఇంక మర్చిపోరు. ఆ తర్వాత బిగ్-ఎమ్, టూ-ఫేజ్ పద్ధతుల్ని కూడా చేత్తో బోలెడన్ని లెక్కలు చేయించారు, అన్ని అక్కర్లేదు అని నా అభిప్రాయం. మొదటి ఫీజిబుల్ పాయింట్ (హద్దులన్నీ పాటించే జవాబు) ఎలా దొరుకుతుందో అర్థం కావడానికి ఒకటో రెండో చాలు, మిగతావి కూడికలూ తీసివేతల ప్రాక్టీసే అవుతాయి. డీజెనరసీ (పివట్ చేసినా మూల మారకపోవడం) వల్ల ఒకే మూల దగ్గర తిరుగుతూ ఉండిపోవడం, దానికి 1977లో బ్లాండ్ ఇచ్చిన రూలు, ఇవి చిన్న వీడియోలో చక్కగా చెప్పేశారు.

సింప్లెక్స్ ఎంత వేగం అన్న దాని మీద ఒక పాఠం ఉంది, వినాల్సిందే. 1972లో క్లీ, మింటీ ఇద్దరూ కలిసి ఒక వంకర క్యూబ్ తయారుచేశారు, దాని మీద మామూలు పివట్ రూలుతో సింప్లెక్స్ నడిపితే ప్రతి మూలకీ వెళ్ళొస్తుంది. మూడు వేరియబుల్స్ అయితే 8 మూలలే, 30 వేరియబుల్స్ అయితే 107 కోట్ల పైచిలుకు. మరి రోజూ సింప్లెక్స్ వాడేవాళ్ళకి ఇది ఎందుకు ఎదురవదు అంటే నిజ జీవితంలో వచ్చే మోడల్స్ అంత మొండిగా ఉండవు, అయినా సిద్ధాంతపరంగా ఆ లోటు ఉండిపోయింది. 1979లో ఖాచియన్ ఎలిప్సాయిడ్ పద్ధతి పాలినామియల్ టైంలో, అంటే లెక్క సైజు పెరిగినా టైం మరీ పేలిపోకుండా, అవుతుందని చూపించాడు, కానీ వాడకంలో అది నెమ్మది. 1984లో బెల్ ల్యాబ్స్‌లో కర్మార్కర్ మూలల వెంట కాకుండా లోపల్నుంచి వెళ్ళే దారి చూపించాడు, అక్కణ్ణుంచి ఇంటీరియర్ పాయింట్ పద్ధతులు సాల్వర్లలోకి వచ్చేశాయి. ఇప్పుడు మంచి సాల్వర్లలో రెండూ ఉంటాయి, పెద్ద మోడల్‌కి ఏది ముందు అయిపోతే అది తీసుకోవడమే.

డ్యూయాలిటీ మాడ్యూల్ గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ కోర్సు కొనడానికి ఇదొక్కటే కారణం అన్నా నేను ఒప్పుకుంటా. చాలా మంది డ్యూయల్ (ప్రతి మోడల్‌కీ జంటగా ఉండే ఇంకో మోడల్) అంటే మాక్స్‌ని మిన్ చెయ్యడం, మ్యాట్రిక్స్‌ని తిరగెయ్యడం అని బట్టీ పడతారు. ఇక్కడ ధరతో మొదలుపెడతారు. నా మాటల్లో ఒక చిన్న లెక్క చూడండి. ఒక వడ్రంగి షెడ్డు, బల్లకి 2 చెక్కలు ఒక గంట, బెంచీకి 1 చెక్క ఒక గంట, మొత్తం 40 చెక్కలు 30 గంటలు ఉన్నాయి, బల్ల మీద లాభం 40, బెంచీ మీద 30. జవాబు 10 బల్లలు, 20 బెంచీలు, లాభం 1000, ఇది ఎవరైనా బొమ్మ గీసి చెప్తారు. ఇప్పుడు అసలు ప్రశ్న: ఇంకో చెక్క దొరికితే ఎంత లాభం? 41 చెక్కలతో మళ్ళీ చేస్తే 11 బల్లలు, 19 బెంచీలు, లాభం 1010. అంటే చెక్క విలువ 10. ఇంకో గంట దొరికితే? 31 గంటలతో 9 బల్లలు, 22 బెంచీలు, లాభం 1020. గంట విలువ 20. ఈ రెండు అంకెలే డ్యూయల్ వేరియబుల్స్, షాడో ప్రైస్ అని పిలిచేది వీటినే. 40 చెక్కలు పదేసి, 30 గంటలు ఇరవయ్యేసి చొప్పున కలిపితే 400, 600, మొత్తం మళ్ళీ అదే 1000! లాభం ఎక్కడ్నుంచి వచ్చిందో చెక్కకీ గంటకీ పూర్తిగా పంచి చూపించేసింది.

ఆ పాఠం అక్కడితో ఆగదు. చెక్క విలువ 10 అన్నాం కదా అని వంద చెక్కలు కొనేస్తే? కుదరదు, గంటలు 30 మాత్రమే ఉన్నాయి కాబట్టి చెక్కలు 60 అయ్యేసరికి అన్నీ బల్లలే చేస్తున్నాం, లాభం 1200, ఆపైన వచ్చే చెక్క అలా పక్కన పడి ఉండాల్సిందే, దాని విలువ సున్నా. కిందికి వెళ్ళినా 30 చెక్కల దాకానే ఆ 10 అన్న రేటు, అంతకంటే తగ్గితే ఒక్కో చెక్కకీ పోయే లాభం 10 కంటే పెరుగుతుంది. అంటే షాడో ప్రైస్ ఒక రేంజ్ లోపలే నిజం. సాల్వర్ ఇచ్చే సెన్సిటివిటీ రిపోర్టులో (ఏ అంకె మారితే జవాబు ఎలా మారుతుందో చెప్పేది) ఆ రేంజ్ కాలమ్‌ని చూడకుండా ధర కాలమ్ ఒక్కటే చదివి నిర్ణయం చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, ఈ కోర్సులో మాత్రం రేంజ్ రాయకపోతే సగం మార్కులు కట్ చేస్తారు, చాలా మంచి పని చేశారు.

ఒక ఇబ్బంది ఉంది ఇందులో. వీడియోల్లో డ్యూయల్ గుర్తులు ఒక పద్ధతిలో చెప్తారు, ల్యాబ్‌లో వాడే సాల్వర్ ఇంకో పద్ధతిలో ఇస్తుంది, మినిమైజేషన్ మోడల్లో తక్కువ-లేదా-సమానం కన్‌స్ట్రెయింట్‌కి మైనస్ అంకె వస్తే కొత్తవాళ్ళు బెదిరిపోతారు. ఆ మైనస్‌కి అర్థం, హద్దు ఒకటి పెంచితే ఖర్చు అంత తగ్గుతుంది అని, అంతే. ల్యాబ్ షీట్‌లో ఈ ఒక్క లైను పెట్టి ఉంటే డిస్కషన్ బోర్డులో సగం ప్రశ్నలు ఉండేవి కావు.

ట్రాన్స్‌పోర్టేషన్ (సరుకు ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎంత పంపాలి), అసైన్‌మెంట్ (ఏ పని ఎవరికి ఇవ్వాలి) సమస్యలు త్వరగా అయిపోతాయి. నార్త్‌వెస్ట్ కార్నర్, వోగెల్, మోడీ (MODI) లాంటి పద్ధతులు పరీక్షలకి చదివేవాళ్ళకి ఇది తక్కువ అనిపించొచ్చు, వాళ్ళు వేరే ప్రాక్టీసు చూసుకోవాలి. నాకైతే ఇంతే సరిపోయింది, ఎందుకంటే పద్ధతుల బదులు ఇక్కడ ఒక పెద్ద సంగతి చెప్పారు: సప్లై, డిమాండ్ పూర్ణాంకాలైతే ఇలాంటి నెట్‌వర్క్ మోడల్స్‌కి మూలల్లో వచ్చే జవాబు దానంతటదే పూర్ణాంకాల్లో వస్తుంది, ఇంటిజర్ అని విడిగా చెప్పనక్కర్లేదు. సమస్య మీద నెట్‌వర్క్ ఆకారం కనిపెట్టగలిగితే ఎంత కష్టం తప్పుతుందో దీంతో అర్థమవుతుంది. అసైన్‌మెంట్ సమస్యకి 1955లో కూన్ ఇచ్చిన హంగేరియన్ పద్ధతి కూడా ఒక చిన్న పట్టిక మీద చేయిస్తారు.

ఇంటిజర్ ప్రోగ్రామింగ్‌కి (జవాబు పూర్ణాంకాల్లోనే కావాల్సిన లెక్కలకి) వచ్చేసరికి కోర్సు మళ్ళీ నిదానంగా నడుస్తుంది, సంతోషం. మొదట్లోనే ఒక నమ్మకం విరగ్గొడతారు, పూర్ణాంకం అన్న రూలు లేకుండా లీనియర్ జవాబు తెచ్చుకుని దగ్గర్లో ఉన్న పూర్ణాంకానికి మార్చేస్తే సరిపోతుంది అన్న నమ్మకం. ఇలాంటి లెక్క మీరూ వేసి చూడొచ్చు: సంచిలో 10 కిలోలు పడతాయి, మూడు వస్తువులు, మొదటిది 6 కిలోలు విలువ 36, రెండోది 5 కిలోలు విలువ 25, మూడోది 5 కిలోలు విలువ 24. కిలోకి విలువ చూస్తే మొదటిదే టాప్. ముక్కలుగా తీసుకోవచ్చు అంటే మొదటిది మొత్తం, రెండోదాంట్లో ఐదింట నాలుగు వంతులు, విలువ 56. రెండోదాన్ని పైకి రౌండ్ చేస్తే 11 కిలోలు, సంచి పట్టదు. కిందికి రౌండ్ చేస్తే 36 మాత్రమే మిగిలింది. అసలు జవాబు రెండోదీ మూడోదీ కలిపి 49, అందులో టాప్ వస్తువు అసలు లేనే లేదు! 56 మాత్రం వృథా పోదు, ఏం చేసినా అంతకు మించి రాదు అని చెప్పే పైకప్పు అది. బ్రాంచ్ అండ్ బౌండ్ పద్ధతి అంతా సమస్యని కొమ్మలు కొమ్మలుగా విడగొట్టి ఆ పైకప్పుని కొద్దికొద్దిగా కిందికి దించుకుంటూ, చేతిలో ఉన్న జవాబుని పైకి తెచ్చుకుంటూ, రెండూ కలిసే చోటు వెతకడమే. 1960లో లాండ్, డోయిగ్ అనే ఇద్దరు మహిళలు రాసిన ఈ ఆలోచన ఇవాళ్టికీ సాల్వర్ల గుండెకాయ, దానికి ముందే 1958లో గొమొరీ చెప్పిన కట్స్ (పూర్ణాంకాలు కాని జవాబుల్ని కోసేసే అదనపు కన్‌స్ట్రెయింట్లు) కూడా కలిసి పనిచేస్తాయి. ఈ మూడు వస్తువుల లాంటి లెక్కకి ఆ కొమ్మల చెట్టు మొత్తం కాగితం మీద గీయిస్తారు, తర్వాత సాల్వర్ లాగ్‌లో బౌండ్ (ఆ పైకప్పు), గ్యాప్ (దానికీ చేతిలో ఉన్న జవాబుకీ మధ్య దూరం) అని కాలమ్స్ కనిపిస్తే అవేంటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ట్రావెలింగ్ సేల్స్‌మన్ (అన్ని ఊళ్ళూ ఒక్కోసారి తిరిగి మొదలైన చోటికి వచ్చే అతి చిన్న దారి వెతకడం) వీడియో చూస్తున్నంతసేపు నేను పాజ్ కొట్టలేదు. 10 ఊళ్ళకి 1,81,440 దారులు, 20 ఊళ్ళకి 608 కోట్ల కోట్ల పైన. అలాంటిది 1954లో డాంట్‌జిగ్, ఫల్కర్సన్, జాన్సన్ కలిసి 49 ఊళ్ళ సమస్యకి ఇదే అతి చిన్న దారి అని రుజువు చేసేశారు. ఎలా అంటే, చిన్న చిన్న చుట్లు విడిగా రాకూడదు అనే కన్‌స్ట్రెయింట్లు లెక్కలేనన్ని ఉంటాయి కదా, అవన్నీ ముందే రాయకుండా, ముందు అవి లేకుండా పరిష్కరించి, జవాబులో ఏ చుట్టు విడిపోయిందో చూసి దానికి మాత్రమే ఒక కన్‌స్ట్రెయింట్ కలిపి, మళ్ళీ పరిష్కరించి, ఇలా ముందుకెళ్ళారు. ఇది ల్యాబ్‌లో మనచేత కూడా చేయిస్తారు, స్క్రీన్ మీద విడివిడి చుట్లు ఒక్కోటీ కలిసిపోతూ చివరికి ఒకే దారి అవ్వడం చూస్తే వచ్చే ఆనందం వేరు.

ఇక బిగ్-ఎమ్ కన్‌స్ట్రెయింట్ల పాఠం, అంటే టాబ్లోలో వచ్చే బిగ్-ఎమ్ కాదు, గోడౌన్ తెరిస్తేనే సరుకు పంపాలి లాంటి ఇదైతేనే-అది రూల్స్ రాసేది. పంపే సరుకు ≤ ఎమ్ × తెరిచామా అని రాస్తాం, తెరిచామా అన్నది సున్నా లేదా ఒకటి. చాలా మంది ఎమ్ అంటే పెద్ద అంకె కదా అని పది లక్షలు పెట్టేస్తారు. సాల్వర్లు దశాంశాల్లో పనిచేస్తాయి కాబట్టి సున్నాకి అతి దగ్గరగా ఉన్న అంకెని సున్నాగానే లెక్కేస్తాయి, కొన్నింట్లో ఆ వెసులుబాటు 0.00001 దాకా ఉంటుంది. పది లక్షల్ని దాంతో గుణిస్తే 10. అంటే గోడౌన్ తెరవలేదు అని రిపోర్టులో ఉంటుంది, అద్దె కట్టలేదు అని ఉంటుంది, కానీ అందులోంచి 10 యూనిట్ల సరుకు బయల్దేరిపోతుంది! పైగా అంత పెద్ద ఎమ్ వల్ల పైకప్పు అన్నానే, అది చాలా వదులైపోయి సాల్వర్ గంటల తరబడి తిరుగుతుంది. మందు ఏంటంటే ఎమ్ బదులు ఆ గోడౌన్ నిజమైన కెపాసిటీ పెట్టడం, ఇంకా మంచిది ఒక్కో కస్టమర్‌కి విడిగా, ఈ గోడౌన్ నుంచి ఈ కస్టమర్‌కి వెళ్ళేది అతని డిమాండ్ × తెరిచామా కంటే ఎక్కువ కాకూడదు అని రాయడం. లైన్లు పెరుగుతాయి, అయినా చాలాసార్లు త్వరగా అయిపోతుంది. కన్‌స్ట్రెయింట్లు పెరిగితే మోడల్ బరువెక్కుతుంది అనుకునేవాళ్ళు తప్పకుండా చూడాల్సిన పాఠం. అలాంటి పాఠాన్ని ఆఖర్లో పన్నెండు నిమిషాల్లో తోసేశారు, దీనికి ఒక పూర్తి మాడ్యూల్ ఇవ్వాల్సింది, స్టార్ తగ్గడానికి ఇది రెండో కారణం.

మూడో కారణం నాన్‌లీనియర్ (గీతలు తిన్నగా కాక వంపుగా ఉండే లెక్కల) భాగం. కాన్వెక్సిటీ (లెక్క ఆకారం ఒకే గిన్నెలా ఉండటం) ఎందుకు ముఖ్యమో, లోకల్ కనిష్ఠం గ్లోబల్ కనిష్ఠం ఎప్పుడు ఒకటవుతాయో బాగానే చెప్పారు, తర్వాత కేకేటీ (కరుష్-కూన్-టకర్) కండిషన్లు, అంటే అతి మంచి జవాబు పాటించాల్సిన షరతులు, స్లైడ్ మీద పెట్టి చదివేశారు. 1951లో కూన్, టకర్ ప్రచురించినవి, 1939లోనే కరుష్ తన మాస్టర్స్ థీసిస్‌లో రాసినవి అని కథ చెప్పారు సరే, కానీ డ్యూయాలిటీ మాడ్యూల్లో చెక్క, గంట అని అంత చక్కగా చెప్పిన మేడం ఇక్కడ ఒక్కో కన్‌స్ట్రెయింట్‌కీ ఉండే మల్టిప్లయర్ కూడా అదే ధర అని ఒక్క మాట అనలేదు. హద్దు దాకా చేరని కన్‌స్ట్రెయింట్‌కి మల్టిప్లయర్ సున్నా అన్న కండిషన్, మిగిలిపోయిన చెక్కకి విలువ లేదు అన్న మాటే కదా. ఈ లింకు మీరే కలుపుకుంటూ చదివితే ఆ స్లైడ్లు దారికొస్తాయి. గ్రేడియెంట్ డిసెంట్ కోసం వచ్చేవాళ్ళు ఇక్కడికి రావద్దు, పేరుకి ఉంది అంతే.

జెనెటిక్ ఆల్గరిథమ్స్, సిమ్యులేటెడ్ అనీలింగ్ లాంటివి ఒక్క మాడ్యూల్లో ఉన్నాయి. వీటి మీద కోర్సు తీసుకున్న వైఖరి నాకు నచ్చింది. హ్యూరిస్టిక్ (త్వరగా మంచి జవాబు తెచ్చే, కానీ అదే అతి మంచిదని రుజువివ్వని పద్ధతి) రాయండి, వాడండి, కానీ పక్కన ఒక బౌండ్ లేకుండా మా జవాబు బాగుంది అని రాయొద్దు అంటారు. ఆఖరి ప్రాజెక్టులో హ్యూరిస్టిక్ వాడినవాళ్ళు లీనియర్ రిలాక్సేషన్ (పూర్ణాంకాల రూలు తీసేసిన లెక్క) నుంచి వచ్చిన బౌండ్‌కి ఎంత శాతం దూరంలో ఉన్నారో చూపించాలి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే పైథాన్‌లో పల్ప్ అనే లైబ్రరీ వాడతారు, దాని వెనకాల సీబీసీ అనే ఉచిత సాల్వర్ ఉంటుంది, తర్వాత హైజ్ అనే ఇంకో ఉచిత సాల్వర్‌కి మారతారు, సైపై లైబ్రరీలో లీనియర్ ప్రోగ్రామింగ్ ఫంక్షన్ వెనకాల ఉండేది కూడా ఇప్పుడు ఇదే. షెడ్యూలింగ్ ల్యాబ్‌కి గూగుల్ వాళ్ళ ఓఆర్-టూల్స్‌లో ఉన్న సీపీ-శాట్ సాల్వర్ వాడారు. డబ్బు పెట్టి కొనాల్సింది ఏదీ లేదు. గురోబీ అనే కమర్షియల్ సాల్వర్ చూడాలనుకునేవాళ్ళకి 2000 వేరియబుల్స్, 2000 కన్‌స్ట్రెయింట్ల దాకా ఉచిత లైసెన్స్ సరిపోతుంది, కోర్సులో ఉన్న మోడల్స్ చాలావరకు అందులో పడతాయి. ఎక్సెల్‌లో ఉండే సాల్వర్ 200 వేరియబుల్స్ దగ్గర ఆగిపోతుంది, మొదటి రెండు మాడ్యూల్స్‌కి చాలు, ఆపైన చాలదు. పైథాన్‌లో లూపులు, డిక్షనరీలు రాకపోతే మాత్రం ల్యాబ్స్‌లో కష్టపడతారు, అవి వచ్చాకే మొదలుపెట్టండి. గణితంలో మ్యాట్రిక్స్ ఇన్వర్స్, లీనియర్ ఇండిపెండెన్స్ తెలిస్తే చాలు.

ల్యాబ్స్‌లో ఇంకో మంచి అలవాటు చేయించారు. మోడల్ ఇన్‌ఫీజిబుల్ (హద్దులన్నీ పాటించే జవాబే లేదు) అని వస్తే చాలా ఉచిత సాల్వర్లు ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటాయి, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పవు. అప్పుడు ప్రతి కన్‌స్ట్రెయింట్‌కీ ఎంత దాటొచ్చో చెప్పే ఒక స్లాక్ వేరియబుల్ కలిపి, ఆబ్జెక్టివ్ పక్కన పెట్టేసి, ఆ దాటింపుల మొత్తాన్ని తగ్గించమంటారు. ఏ కన్‌స్ట్రెయింట్ దగ్గర సున్నా కాని అంకె వచ్చిందో వెతకడం అక్కడ మొదలుపెట్టాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి ఈ ఒక్క టెక్నిక్ కోర్సు ఖరీదు తిరిగి తెచ్చిపెడుతుంది, నిజంగా చెప్తున్నా, ఎందుకంటే డేటా ఇచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళి మీ మోడల్ కుదరట్లేదు అనే బదులు, బుధవారం సెకండ్ షిఫ్ట్‌కి మీరు అడిగినంతమంది లేరు, ఇద్దరు తక్కువ పడుతున్నారు అని చెప్పొచ్చు.

సపోర్ట్ పర్వాలేదు, డిస్కషన్ బోర్డులో జవాబులు వస్తాయి గానీ మోడల్ మొత్తం పోస్ట్ చేస్తేనే వస్తాయి, ఎర్రర్ మెసేజ్ ఒక్కటే పెడితే ఎవరూ పట్టించుకోరు. సబ్‌టైటిల్స్‌లో టెక్నికల్ మాటలు చాలా చోట్ల తప్పుగా పడ్డాయి, వాటిని నమ్ముకుని నోట్స్ రాసుకోవద్దు, స్లైడ్లు డౌన్‌లోడ్ చేసుకోండి. సర్టిఫికెట్ కోసమే అయితే క్విజ్‌లు పూర్తి చేస్తే చాలు, ఆఖరి ప్రాజెక్టు ఐచ్ఛికం. కానీ ప్రాజెక్టు వదలొద్దు, మీకు తెలిసిన పనిలోంచే ఒక సమస్య తీసుకుని మోడల్ రాయాలి, ఇంకో ఇద్దరు విద్యార్థులు దాన్ని చదివి ఏ కన్‌స్ట్రెయింట్ మర్చిపోయారో రాస్తారు. నాకొచ్చిన రెండు రివ్యూల్లో ఒకటి పేజీన్నర ఉంది, ఒక్కో కన్‌స్ట్రెయింట్‌నీ విడిగా తీసుకుని ప్రశ్న వేసి మరీ రాశారు.